పిలుపు రాని శనివారం

మా అయ్య వరసగా రెండు రోజులు ఇంట్లో ఉండటం నేను చూసింది ఒక్కసారే. ఆ శని ఆదివారాల్లో ఆయన మాతో కూర్చుని బొగ్గుండలు చేశాడు, తలుపు బాగుచేశాడు, చేప తెచ్చాడు, మా పక్కన చాప మీద కూర్చుని సినిమా చూశాడు. వినటానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. నాకైతే అలాంటి రెండు రోజులు పగవాళ్ళకి కూడా రాకూడదనిపిస్తుంది.

కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ దగ్గర, డాక్ గేటుకి నడిచిపోయేంత దూరంలో ఉండేది మా బస్తీ. మా వరసలో ఇళ్ళన్నీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళవే. మగవాళ్ళందరికీ ఓడల్లో బస్తాలు దింపే పని. అయ్యది మాత్రం కొంచెం వేరే. ఓడ పైన, సరుకు గది మూతి దగ్గర నిలబడి చేత్తో సైగలు చెయ్యాలి. కింద బస్తాలు కట్టేవాళ్ళు క్రేను నడిపేవాడికి కనపడరు, వాడు వీళ్ళకి కనపడడు. మధ్యలో మా అయ్య చెయ్యి ఎత్తితే బరువు లేస్తుంది, అరచెయ్యి చాపితే ఆగుతుంది. ఇంట్లో కూడా ఆయన నోటికంటే చేతులకే పని ఎక్కువ. అన్నం చాలంటే అరచెయ్యి చాపేవాడు. "ఇది ఓడ కాదు, నోరిప్పి సెప్పు" అని అమ్మ వెక్కిరించేది.

ఆ పనైనా రోజూ ఉంటుందని నమ్మకం లేదు. దీపాలు పెట్టే వేళకి, కూలీల మీద పెత్తనం చేసే సర్దారు మనిషి ఒకడు మా సందులోకి వచ్చి, మర్నాడు పనికి ఎవరు రావాలో వాళ్ళ గుమ్మం ముందు ఆగి కేకేసేవాడు. పేరుపెట్టి కాదు. మా వాళ్ళకి డాక్‌లో సొంత పేర్లు లేవు, ఏ ఊరివాడికి ఆ ఊరి పేరే. శ్రీకాకుళం జిల్లా పల్లెలన్నీ రోజూ సాయంత్రం మా సందులో వినపడేవి. మా ఊరి పేరు వినపడితే అమ్మ మర్నాటి క్యారేజీలోకి కూరేమిటని ఆలోచనలో పడేది. వినపడకపోతే ఎవరితోనూ మాట్లాడేది కాదు. పిలుపు కొన్నాళ్ళు వరసగా రాలేదంటే ఆ మనిషి చోటు ఇంకొకడికి పోయినట్టే లెక్క.

అంతకు నెల ముందు మా వరసలో చివరింటాయన ఓడలో పోయాడు. క్రేను ఎత్తుతున్న బస్తాలు తాడు తెగి ఆయన మీద పడ్డాయి. తాడు చివికిపోయిందని అయ్య పొద్దున్నే సర్దారుతో చెప్పాడు. ఈ ఓడ కానిచ్చి మారుద్దామన్నాడు సర్దారు. మధ్యాహ్నానికి తెగింది. కిందున్న మిగతావాళ్ళకి దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. తాడు తెగటం పైనుంచి చూసింది మా అయ్య ఒక్కడే.

దాని మీద ఆ సోమవారం డాక్ ఆఫీసులో విచారణ పెట్టారు. పోయినాయన తాగొచ్చి నిలబడకూడని చోట నిలబడ్డాడని సర్దారూ, సర్దారు వెనకున్న కాంట్రాక్టరూ చెప్పుకొస్తున్నారు. అదే నిజమని రాసేస్తే ఆయన భార్యకి పరిహారం రాదు, ఉంటున్న గది కూడా వదలాలి. ఇద్దరు చిన్నపిల్లల్ని వేసుకుని ఆవిడ ఎక్కడికి పోతుంది? తాడు సంగతి మా అయ్య చెప్తే ఆవిడకి న్యాయం జరుగుతుంది, మా అయ్యకి పిలుపు ఆగిపోతుంది. విషయమంతా ఇంతే. నాకప్పుడు పదమూడేళ్ళు, చెల్లికి ఏడు. ఇవేవీ మాకు తెలియవని పెద్దవాళ్ళ ధీమా. ఒక్క గది ఇంట్లో ఉంటూ ఆ ధీమా ఎలా వచ్చిందో వాళ్ళకే తెలియాలి.

శుక్రవారం సాయంత్రం కేకేసే మనిషికి బదులు సర్దారే మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని టీ తాగాడు. చెల్లి చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టాడు. ఆయనా మా జిల్లా వాడే, అమ్మని సెల్లెమ్మా అని పిలుస్తాడు.

"సోమారం నిన్ను అడుగుతారు. నాను అటేపు తిరిగున్నాను, ఏటీ సూళ్ళేదని సెప్పీ. ఇంకేటీ ఒద్దు" అన్నాడు.

"నాను అటేపు తిరిగుంటే బరువు ఎవులు ఎత్తించినట్టు?" అన్నాడు అయ్య.

సర్దారు నవ్వాడు. గ్లాసు కింద పెట్టి, "టీ బాగుంది సెల్లెమ్మా" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాటి పని మాట ఎత్తలేదు.

శనివారం పొద్దున నేను లేచేసరికి అయ్య ఇంట్లోనే ఉన్నాడు. చెల్లికి పండగే, ఆయన భుజమెక్కి దిగలేదు. మాకప్పుడు బొగ్గు పొయ్యి. బొగ్గు పొడిలో బంకమట్టి, గంజి కలిపి ఉండలు చుట్టి ఎండబెట్టుకునేవాళ్ళం. కలకత్తాలో వాటిని గుల్ అంటారు. ఎప్పుడూ అమ్మా నేనూ చేసే పని అది. ఆ రోజు అయ్య లుంగీ ఎగ్గట్టి మా మధ్యన కూర్చున్నాడు. ఆయన చేతిలో ఉండలు మా వాటికి రెండింతలు వస్తున్నాయి.

"ఇయి గుల్లా, లడ్డూలా? ఎండేసరికి వానలొచ్చీస్తాయి" అంది అమ్మ.

అయ్య నవ్వి చిన్నవి చుట్టాడు. బుట్టెడు పొడి అయిపోయాక లేచి ఇంకో బుట్టెడు కలిపాడు. నెలకి ఇవి చాలంది అమ్మ.

"ఉండనీ. ఇంకో నాలుగు నెలలు సూసుకోనక్కరనేదు" అన్నాడు ఆయన.

అమ్మ చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ చుట్టటం మొదలుపెట్టింది, కానీ ఇక లడ్డూల మాట ఎత్తలేదు.

అక్కణ్నుంచి ఆయన ముట్టుకున్న ప్రతి పనీ అలాగే, తను లేని రోజులకి సర్దిపెడుతున్నట్టు ఉంది. ఇంటి మీదకెక్కి వాన కారే చోట పెంకులు సర్దాడు. నన్ను కూర్చోబెట్టుకుని కిరసనాయిలు స్టవ్ మూసుకుపోతే పిన్నుతో ఎలా పొడవాలో నేర్పాడు. మధ్యాహ్నం వెళ్ళి లావుపాటి ఇనుప గొళ్ళెం ఒకటి తెచ్చి తలుపుకి లోపలి వైపు బిగించాడు. పాత గొళ్ళానికి ఏ రోగమూ లేదు.

"ఎవులొస్తారని?" అని అడిగింది అమ్మ.

"ఎవులూ రారు."

"మరెందుకు?"

అయ్య అరచెయ్యి చాపాడు. ఆ పూట అమ్మ వెక్కిరించలేదు.

మా గుమ్మానికి ఎదురుగా టీ కొట్టు. దాని వెనక గోడ మీద ఎన్నికలకి వేసిన ఎర్ర రంగు రాతలు, ముందు ఒక బెంచీ. ఆ బెంచీ మీద పొద్దుటి నుంచీ ఇద్దరు కూర్చుని ఉన్నారు. సర్దారు వెనక తిరిగేవాళ్ళే, ముఖాలు తెలుసు. మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. ఒకడు పేపరు చదువుతాడు, ఇంకొకడు గోళ్ళు కొరుక్కుంటాడు. నేను నీళ్ళకి వెళ్తే పేపరు దించి నా వైపు చూస్తాడు, అమ్మ బట్టలు ఆరేస్తుంటే అమ్మ వైపు చూస్తాడు. చెల్లి చెయ్యి ఊపితే ఇద్దరూ తిరిగి ఊపారు కూడా. తిట్టి ఉంటే నయమనిపించింది నాకు.

"యూనియన్ లీడరు దాదాకి ఓపాలి సెప్పి సూడకూడదేటి?" అంది అమ్మ, మధ్యాహ్నం వంకాయ, ఎండు మెత్తళ్ళ కూర వడ్డిస్తూ.

"ఆయనా సర్దారూ ఒక్క బల్ల మీదే తింటన్నారు" అన్నాడు అయ్య. అమ్మ ఇంకో గరిటె కూర వేసింది.

ఆ నెల బొమ్మ మా ఇంటి వంతు. మా వరసలో అందరూ కలిసి నెలకోసారి ఖిదిర్‌పూర్ నుంచి రంగుల టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చుకునేవాళ్ళం. తెలుగు క్యాసెట్లు ఖరగ్‌పూర్ నుంచి వచ్చేవి. ఎవరి వంతు వస్తే వాళ్ళింట్లో మంచాలు బయటికి పోవాల్సిందే. గదిలో కాలు పెట్టే సందుండదు, కిటికీ ఊచలకి కూడా పిల్లలు వేలాడతారు. ముందు వరసలో చోటు కోసం నేను ఎన్ని జుట్లు పట్టుకున్నానో లెక్కలేదు. శనివారం పొద్దు వాలాక తోపుడు బండి మీద పెట్టెలు వచ్చాయి. అమ్మ గది కడిగి చాపలు పరిచింది. అవి చాలవని దుప్పట్లు కూడా పరిచి, కుండ నిండా మంచినీళ్ళు పెట్టింది.

అప్పుడే సందు మొదట్లో కేక వినపడింది. ఒక ఊరు, తర్వాత ఇంకో ఊరు. మా పక్కింటి ఊరు పిలిచాడు. అడుగులు మా గుమ్మం ముందుకు వచ్చాయి, ఆగలేదు. అవతలింటి ఊరు పిలిచాడు. అయ్య టీవీ వెనక వైర్లు సర్దుతూ తల ఎత్తలేదు. అమ్మ పరిచిన దుప్పటినే మళ్ళీ దులిపి పరిచింది.

సినిమాకి ఎవరూ రాలేదు. కాసేపు ఎదురు చూద్దామన్నాడు అయ్య. చూశాం. పక్కింట్లో నా ఈడు పిల్ల ఒకటే ఏడుపు, తనూ వస్తానని. తర్వాత చెంప మీద దెబ్బ వినపడింది, ఏడుపు ఆగింది. అయ్య క్యాసెట్ పెట్టాడు. నాకు కావలసినంత చోటు. ముందు వరసలో కాళ్ళు చాపుకుని మహారాణిలా కూర్చున్నాను, మొదట్లో సంబరంగానే ఉంది. కామెడీ వాడు పడ్డప్పుడల్లా మా చెల్లి పకపకా నవ్వేది. ఒక్కతే నవ్వటం వినలేక నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. వెనక్కి చూస్తే గది చివరిదాకా ఖాళీ చాపలు, వాటి అవతల గోడకి ఆనుకుని అమ్మ. అమ్మ బొమ్మ చూడటం లేదు, కొత్త గొళ్ళెం చూస్తోంది. నాకు భయం పట్టుకుంది అప్పుడే. ఎందుకని అడిగితే చెప్పలేను. పాటలో హీరో హీరోయినూ కొండల మీద గెంతుతున్నారు, నేను చెల్లిని ఒళ్ళోకి లాక్కున్నాను.

ఆదివారం అయ్య రుయి చేప తెచ్చాడు. బెంగాలీ ఇళ్ళలో చూసి నేర్చుకున్నట్టు అమ్మ ఆవపిండి పెట్టి పులుసు చేసింది. పులుసు ఉడుకుతుండగా నన్ను కుళాయికి పంపింది. బెంచీ మీద పేపరు చదివేవాడు నా వెనకే వచ్చి చేతులు కడుక్కున్నాడు.

"ఏ బడమ్మా నీది?"

చెప్పాను.

"దూరమే. ట్రాము రోడ్డు మీంచి ఎల్తావా, గోదాముల ఎనకనుంచా?"

గోదాముల వెనక నుంచైతే దగ్గరని చెప్పాను. ఒక్కదాన్నేనా అన్నాడు. చెల్లి కూడా వస్తుందన్నాను. "జాగర్తగా ఎల్లాల" అని నా బకెట్టు తనే అందుకుని మా గుమ్మం దాకా మోసిపెట్టాడు.

అన్నాల దగ్గర కూర్చున్నాక అదంతా నేను పూస గుచ్చినట్టు చెప్పాను. "ఆ బాబు మంచోడే అయ్యా, బకెట్టు మోసినాడు" అని కూడా అన్నాను. అయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళాడు. ఎక్కడికని అమ్మ అడగలేదు. నేను చెప్పటం తప్పని ఇంట్లో ఎవరూ అనలేదు, నేనూ అనుకోను. అడిగినవాడు మాత్రం ఈ రోజు కనపడినా చెప్పు తీసుకుని కొడతాను.

అయ్య తిరిగి వచ్చేసరికి ఎండ గోడలెక్కింది. ఆయన గుమ్మం ఎక్కుతుండగానే బెంచీ మీది ఇద్దరూ లేచి, టీకి డబ్బులిచ్చి, వెళ్ళిపోయారు. అమ్మ అది చూసింది. నేనూ చూశాను.

"ఏటైంది?" అంది అమ్మ.

"ఏటీ నేదు. బొమ్మ పెట్టుకుందాం రండి" అన్నాడు.

ఆయన రెండో క్యాసెట్ పెడుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చివరింటావిడ. కూతుర్ని పక్కన నిలబెట్టుకుని, కొడుకుని చంకనేసుకుని వచ్చింది. మా ఊళ్ళలో అయితే మొగుడు పోయిన మనిషి ఏడాది తిరగందే ఇంకొకరి గడప తొక్కదు.

"ఒదినా, నిన్నట్నుంచీ బొమ్మ సూస్తామని గుంటలిద్దరూ ఒకటే గోల. గుమ్మం కాడే కూకుంటాం, లోపలికి రాం" అంది.

"అదేటే, లోపలికి రా" అని అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

ఆవిడ కూర్చుని, కొంగు సర్దుకుని, అయ్య వైపు తిరిగింది. "రేపు నన్నూ రమ్మన్నారు అన్నియ్యా. ఆఫీసంటే నాకు భయం. నువ్వుంటావు కదాని ఎల్తన్నాను."

అయ్య ఊ అన్నాడో అనలేదో నాకు వినపడలేదు. బొమ్మ మొదలైంది. కత్తియుద్ధాలు, మాయలు, ఎగిరే గుర్రం. ఆ ఇద్దరు పిల్లలూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆవిడ కూడా ఒకసారి నవ్వింది. నవ్వి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

సగంలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవటం వింతేమీ కాదు, పోయిన ప్రతిసారీ గదంతా ఒక్కసారిగా ఉసూరుమనేది. ఆ రోజు అనటానికి జనం లేరు. చీకట్లో అమ్మ లాంతరు కోసం తడుముకుంటోంది. సందులో కేక మొదలైంది.

ఒక ఊరు, ఇంకో ఊరు, పక్కింటి ఊరు. అడుగులు మా గుమ్మం ముందు ఆగాయి. మా ఊరి పేరు వినపడింది, గట్టిగా, స్పష్టంగా. తర్వాత అడుగులు ముందుకు పోయాయి.

అమ్మ ఊపిరి వదలటం వినపడింది నాకు. రెండు రోజులుగా దానికోసమే చెవులు రిక్కించుకుని ఉంది పాపం. అగ్గిపుల్ల గీసి లాంతరు వెలిగించింది. వెలుతురులో మొదట కనపడింది చివరింటావిడ ముఖం. ఆవిడ అయ్యనే చూస్తోంది. అయ్యకి పిలుపు ఆగిందని వరసంతా తెలుసు, ఆవిడకీ తెలుసు. మళ్ళీ ఎందుకు వచ్చిందో ఎవరూ విప్పి చెప్పక్కరలేదు.

"అమ్మా, మన ఊరు పిలవనేదేటి?" అన్నాడు ఆవిడ కొడుకు.

"మనకి పనేటుందిరా" అంది ఆవిడ. లేచి నిలబడి వాణ్ని చంకనేసుకుంది. "కరెంటు ఎప్పుడొస్తాదో ఏటో. ఎల్తాం ఒదినా."

అన్నం తినెళ్ళమంది అమ్మ. ఎగిరే గుర్రం ఏమైందో చూడాలని కూతురు ఏడుస్తోంది. ఆవిడ ఎవరి మాటా వినిపించుకోలేదు. కరెంటు వచ్చాక కూడా మిగతా బొమ్మ మేమెవరమూ పెట్టమని అడగలేదు. చెల్లి కూడా అడగలేదు.

సోమవారం అయ్య ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. అటు వైపు తిరిగి ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. అక్కణ్నుంచి అటే ఓడ మీదకి పనికి వెళ్ళాడు. మా అయ్యంటే నాకు ప్రాణం. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఎదురెళ్ళి క్యారేజీ అందుకోలేదు.

వారం తిరగకుండా చివరింటావిడ గది ఖాళీ చేసింది. ఊరికి, పుట్టింటికి పోతోందట. సందు చివర రిక్షాలో ట్రంకుపెట్టె పెట్టించి, పిల్లలతో మా గుమ్మంలోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. మగవాళ్ళంతా పనిలో ఉన్నారు. అయ్యకి ఆ పూట ఓడ లేదు, ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఏడుస్తూ ఆవిడకి బొట్టు పెట్టబోయి, గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అన్నియ్యా, ఒక్క మాట అడిగి ఎల్లిపోతాను" అంది ఆవిడ. "ఆఫీసోళ్ళ రాత అయిపోయింది. నాకింక ఎవుల్తోటీ పని నేదు. ఆఖర్ని ఆడు నొప్పి పడ్డాడా? ఏటైనా అన్నాడా?"

అయ్య అదంతా చూసినవాడే. చివరింటాయన పోయిన రోజు సాయంత్రం అయ్య అమ్మకి చెప్తుంటే నేను విన్నాను. ఆఖరి బస్తా కట్టులో పెట్టి, చివరింటాయన ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడట. "వచ్చే నెల బొమ్మ మీ ఇంట్లోనే కదా, మా గుంటలకి ముందు చోటుంచు" అని అరిచి నవ్వాడట. బరువు ఆయన తల మీదికి లేచింది, ఆ నవ్వు ఆగకముందే తాడు తెగింది. నొప్పి తెలిసే వ్యవధి కూడా లేదని చెప్పి అయ్య ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

సందులో ఇటు చివర నుంచి అటు చివరకి పిట్ట లేదు. అయ్య ఎందుకో కుడిచెయ్యి చాపబోయి దించేసుకున్నాడు.

"నాను సూళ్ళేదమ్మా" అన్నాడు. "అటేపు తిరిగున్నాను."

ఇంకేమైనా అంటాడేమోనని ఆవిడ కాసేపు నిలబడింది. తర్వాత పిల్లల చేతులు పట్టుకుని రిక్షా వైపు నడిచింది.